సున్నా చూసుకోండి

సెప్టెంబర్ 9, 2024

మా వైండింగ్ షాపు ముందు ఎండలో మోటార్లు బారుగా. కొల్లిపర వైపు నుంచి వచ్చినవే ఎక్కువ. నెల మొదట్లో వరద. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏ మోటారు మూత తీసినా దోసెడు ఒండ్రు. ఇన్సులేషన్ చూడటానికి మెగ్గర్ పెడితే ముల్లు సున్నా మీద నుంచి లేవదు. రైతులు పక్కన నిలబడి ముల్లు వంకే చూస్తారు. నా మొహం వంక చూడరు.

సెప్టెంబర్ 12

మేనల్లుడు వచ్చాడు. బీటెక్ ఫైనలియర్, ఈసీఈ. బెజవాడ సింగ్ నగర్‌లో మేడల మీదున్న వాళ్ళకి డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించారు కదా, టీవీలో చూశాడు. ప్రాజెక్టు అదేనట. బ్యాచ్‌కి నలుగురు. "నీకు మోటార్లు తెలుసుగా మావయ్యా."

నాకు తెలిసిన మోటార్లు ఇద్దరు పట్టుకుంటే గానీ లేవవు.

సెప్టెంబర్ 19

పెట్టె వచ్చింది. తయారైన డ్రోను విదేశాల నుంచి తెప్పించడం 2022 ఫిబ్రవరి నుంచి బంద్. విడిభాగాలు రావచ్చు. అందుకని పెట్టె నిండా విడిభాగాలు.

ఫ్రేము పేరు ఎఫ్450. రెండు ఎర్ర చేతులు, రెండు తెల్లవి. ఎరుపు ముందుకి అన్నాడొకడు, వెనక్కి అన్నాడొకడు. అరగంట గడిచింది. బిగించాక ఏది ముందో అదే ముందు.

మోటారు మీద 2212 అని ఉంది. లోపలి స్టేటరు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల ఎత్తు. 12 స్లాట్లు, 14 మాగ్నెట్లు. భూతద్దం పెట్టి చూశా. చుట్టింది ఎవరో గానీ చెయ్యి తిరిగినవాళ్ళు. స్టారా, డెల్టానా అని అడిగా. నలుగురూ నలుగురి మొహాలు చూసుకున్నారు.

సెప్టెంబర్ 20

షాపులో పెట్టడానికి లేదు. నేలంతా ఇనప రజను. మాగ్నెట్లు లాగేసుకుంటాయి. సరంజామా అంతా ఇంట్లో భోజనాల బల్ల మీదికి చేరింది. మా ఆవిడ ఏమీ అనలేదు. కంచాలు వరండాలో పెట్టింది.

సెప్టెంబర్ 22

ఒక మోటారు వెనక్కి తిరుగుతోంది. కుర్రాళ్ళు వీడియో పెట్టారు. ఏవైనా రెండు వైర్లు మార్చండ్రా అన్నా. ఏ రెండు అన్నారు. ఏవైనా. నమ్మకం కలగలేదు. వీడియో పూర్తిగా చూశారు. ఆయన ఇంగ్లీషులో అదే చెప్పాడు. అప్పుడు మార్చారు.

సెప్టెంబర్ 24

బ్యాటరీ కలిపితే సంగీతం. మూడు స్వరాలు, ఒకదాని కంటే ఒకటి పైకి. ఆ తర్వాత బీప్, బీప్, బీప్. సెల్లులు లెక్కపెడుతోందట. మూడు సెల్లులు, మూడు బీప్‌లు.

స్పీకరు ఎక్కడుందని, మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్సీని తిరగేసి చూశారు. అరచేతిలో సగం ఉంటుంది అది. ట్యూబు చుట్టి ఉంది. ఒకడు బ్లేడు తీశాడు. ఆపా.

స్పీకరు లేదు. మోటారే. తిరగడానికి చాలనంత కరెంటు ఈఎస్సీ కాయిళ్ళలోకి కొట్టి కొట్టి వదులుతుంది. మోటారు వణుకుతుంది. ఆ వణుకే పాట.

నా దగ్గరికి వచ్చేవీ పాడతాయి, ఒక ఫేజు పోయినప్పుడు. తిరగవు, మూలుగుతాయి. ఆ మూలుగు మీదే ఈ ఇల్లు కట్టా.

సెప్టెంబర్ 25

పక్కింటాయన గోడ మీద నుంచి: "మీ ఇన్వర్టరు పోయినట్టుందండీ, పొద్దుటి నుంచి అరుస్తోంది."

అమ్మకి కుక్కరు విజిల్ వినపడదు. ఇది వినపడింది. "ఎవరో వచ్చార్రా, చూడు."

సెప్టెంబర్ 28

బ్యాటరీ మీద 11.1 వోల్టులని రాసుంది. నిండుగా ఉంటే మీటరులో 12.6. ముప్పై ఏళ్ళుగా 415తో కాపురం చేసినవాడికి ఇది ఆటబొమ్మ. అలాగే కలిపా. కనెక్టరు దగ్గర టప్‌మని నిప్పురవ్వ. వోల్టులు తక్కువే. ఆంపియర్లకి మాత్రం మొహమాటం లేదు. 2200 ఎంఏహెచ్, 30సీ అని ఉంది. గుణిస్తే 66 ఆంపియర్లు. కాగితం మీద లెక్కే గానీ, సగం వచ్చినా మా వీధి చివర ఐదు హెచ్‌పీ మోటారు తాగేదానికంటే ఎక్కువ.

మా ఆవిడ రవ్వ చూసింది. బల్ల మీద ప్లాస్టిక్ షీటు తీసేసింది.

అక్టోబర్ 2

సెలవు. నలుగురూ వచ్చారు. మధ్యాహ్నం దాకా పల్స్ గురించి.

డ్రోనుని నడిపే బోర్డు నుంచి ఈఎస్సీకి వెళ్ళేది వోల్టేజీ హెచ్చుతగ్గులు కాదు. పొడవు. చిన్న పల్స్ ఒకటి, సెకనుకి ఎన్నోసార్లు. దాని పొడవు 1000 మైక్రోసెకన్లయితే ఆగు. 2000 అయితే పూర్తి వేగం. అంటే సెకనులో వెయ్యో వంతుకీ, దానికి రెట్టింపుకీ మధ్య. బతుకంతా ఆ మధ్యలోనే.

ఇబ్బంది ఎక్కడంటే, ఎవరి గడియారం వాళ్ళది. రిమోటు పుల్ల పూర్తిగా దించినప్పుడు వచ్చే పొడవే సున్నా అని ఈఎస్సీకి ఎవరూ చెప్పలేదు. ఒకదానికి 1060 దాకా సున్నాయే. ఇంకోదానికి 1100 దాకా. పైన కూడా అంతే. ఒకటి 1900కే ఇక నా వల్ల కాదంటుంది. ఒకటి ఇంకా ఉందంటుంది.

పుల్ల మెల్లగా లేపి చూశాం. రెండోది ముందు కదిలింది. తర్వాత ఒకటి. కాసేపటికి నాలుగు. మూడోది అందరూ తిరుగుతున్నాక తీరిగ్గా. మా ఇంట్లో పొద్దున్నే లేచే వరుస కూడా ఇంచుమించు ఇదే.

అక్టోబర్ 3

మూడో మోటారు ఒకసారి మొదలయ్యాక మిగతా మూడింటికంటే చురుగ్గా ఉంది. ఆలస్యంగా లేస్తుంది, వేగంగా పని చేస్తుంది. రాసి పెట్టుకున్నా.

అక్టోబర్ 5

పెట్రోలు బంకులో కుర్రాడు తుపాకీ చేత్తో పట్టుకుని: "జీరో చూసుకోండి సార్."

వెనక ఏడెనిమిది బళ్ళు. హారన్లు. చూసినట్టు తలాడించా.

అక్టోబర్ 8

రెక్కలు తీసే ఉంచాలి. అన్ని చోట్లా మొదటి వాక్యం అదే. సున్నాలు పెట్టేటప్పుడు మోటార్లు ఏ క్షణంలోనైనా పూర్తి వేగం అందుకోవచ్చు.

లెక్క వేశా. రెక్క 10 అంగుళాలు. నిమిషానికి 7000 చుట్లు తిరిగితే కొస వేగం గంటకి 335 కిలోమీటర్లు. మళ్ళీ వేశా. అంతే వచ్చింది.

రెక్కలు వంటింట్లో బియ్యం డ్రమ్ములో దాచాను. కుర్రాళ్ళకి చెప్పలేదు.

అక్టోబర్ 9

బియ్యం కొలుస్తుంటే దొరికాయి. "ఏవండీ, ఇవి కూడా ఉడకాలా?"

బీరువాలోకి మార్చా.

అక్టోబర్ 12

దసరా. షాపులో ఆయుధపూజ. వైండింగ్ మిషను, మెగ్గర్, టాంగ్ టెస్టర్, సుత్తులు, వార్నిష్ డబ్బా, అన్నిటికీ పసుపు కుంకుమ. డ్రోను కూడా తెచ్చి పెట్టారు పిల్లలు. నాలుగు చేతులకీ నాలుగు బొట్లు. పంతులుగారు ఎగురుతుందా అని అడిగారు. ఇంకా లేదండీ అన్నా. ఇంకో నిమ్మకాయ కోశారు.

అక్టోబర్ 14

మూడో ఈఎస్సీ జాతకం తెలిసింది. మిగతా మూడూ పెట్టెలో వచ్చినవి. నాలుగోది తక్కువపడితే ఓ సీనియర్ పాత డ్రోను నుంచి పీకి తెచ్చారు. ట్యూబు మీద సైమన్‌కే అని ఉంది. సైమన్ కర్బీ అనే ఆయన ఈఎస్సీల కోసం రాసిన ప్రోగ్రాము. ఊరికే పంచిపెట్టాడు. మల్టీరోటర్లు కట్టేవాళ్ళు ఒకప్పుడు ఏరి కోరి దాన్నే ఎక్కించుకునేవారు. బోర్డు ఏం చెప్తే అది వెంటనే చేస్తుందని.

మూడు స్వరాలు పాడుతుంది గానీ సెల్లులు లెక్కపెట్టదు. ఆ సంగతి ముందు నుంచీ వినపడుతూనే ఉంది.

అక్టోబర్ 17

ముందు రిమోటు కొలత. ఆ తర్వాతే ఈఎస్సీలు. వరుస తప్పితే అంతా మొదటికి. మిషన్ ప్లానర్ అని ప్రోగ్రాము ఉంది. తెర మీద ఆకుపచ్చ గడులు. పుల్లల్ని నాలుగు మూలలకీ తిప్పితే పైకీ కిందికీ ఎర్ర గీతలు పడతాయి. నా హద్దులివీ అని.

పుల్ల పక్కనున్న చిన్న ట్రిమ్ మీట మధ్యలోనే ఉండాలి. ఎవరో ఒక గంట పైకి జరిపారు. ఎవరో చెప్పరు. నలుగురూ నేను కాదన్నారు.

అక్టోబర్ 20

ఒక్కోదానికీ విడివిడిగా. బోర్డు పక్కన పెట్టి, ఈఎస్సీ వైరు నేరుగా రిసీవర్‌లో మూడో ఛానల్‌కి. అది థ్రాటిల్.

రిమోటు ఆన్. పుల్ల పూర్తిగా పైకి. మామూలు రోజున ఇలా చేస్తే చెంప పగలగొట్టాలి. అప్పుడు బ్యాటరీ. మూడు స్వరాలు, మూడు బీప్‌లు. కాస్త ఆగి రెండు బీప్‌లు. అంటే పై హద్దు రాసుకుంది. వెంటనే పుల్ల కిందికి. ఒక పొడుగు బీప్. కింది హద్దు రాసుకుంది. అంతే. ఇక ఎప్పటికీ గుర్తుంచుకుంటుంది, మళ్ళీ చెప్పేదాకా.

జాగు చెయ్యకూడదు. రెండో దానికి సరిగ్గా ఆ రెండు బీప్‌లప్పుడు ఒకడికి ఫోనొచ్చింది. మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళాడు, రిమోటుతో సహా. పుల్ల పైనే ఉంది. ఈఎస్సీ దాని మెనూ తెరిచింది. బ్రేకు కావాలా, బ్యాటరీ ఏ రకం, ఎప్పుడు కట్ చెయ్యాలి, టైమింగ్ ఎంత. ప్రశ్నలన్నీ బీప్‌ల్లోనే. వాడు తిరిగొచ్చి పుల్ల దించాడు. ఏదో ఒక ప్రశ్నకి అవునన్నట్టు. ఏ ప్రశ్నకో కాగితం ముందేసుకుని లెక్కపెట్టాం. బ్రేకు.

ఫోను వాళ్ళమ్మ. భోంచేశావా అని.

అక్టోబర్ 22

బెజవాడ. సాయంత్రం రైలు. పున్నమి ఘాట్ దగ్గర డ్రోన్ల ప్రదర్శన. మనుషులు, మనుషులు. కృష్ణ మీద ఆకాశంలో 5,500 దాకా డ్రోన్లట, రంగుల దీపాలతో బొమ్మలు కట్టాయి. విమానం. జెండా. గిన్నిస్ వాళ్ళూ వచ్చారు.

ఒక్కోదానికి నాలుగు మోటార్లనుకుంటే 22,000. అన్ని ఈఎస్సీలు. అన్ని సున్నాలు.

పక్కన ఒకావిడ, చంకలో పిల్లాడు. "వాటికి దారం ఎక్కడ కట్టార్రా?" అని వాళ్ళాయన్ని అడుగుతోంది.

చివరి రైలు నిండా జనం. తెనాలి దాకా నిలబడే.

అక్టోబర్ 23

కొత్తవాటికి ఈ గొడవే లేదట, మేనల్లుడు చెప్పాడు. డీషాట్ అని పద్ధతి. పొడవు కొలుచుకోవడాలు లేవు. నేరుగా అంకె పంపిస్తారు. 0 అంటే ఆగు. 48 నుంచి 2047 దాకా వేగం. మధ్యలోవి వేరే ఆజ్ఞలు. బీప్ కొట్టు, అటు కాదు ఇటు తిరుగు, అలాంటివి. అంకె అంకే కాబట్టి ఎవరి గడియారం ఎలా ఉన్నా పేచీ లేదు. ఒక్కో మాటకి 16 బిట్లు. 11 వేగానికి. ఒకటి "నీ సంగతేంటి" అని అడగడానికి. 4 తప్పు పడిందేమో చూడటానికి. ఆఫీసుల్లో ఈ లెక్క తిరగబడి ఉంటుంది.

మరి ఇవెందుకు కొన్నారు అన్నా. ఇవి చవక అన్నాడు.

అక్టోబర్ 27

ఈసారి బోర్డు ద్వారా. నాలుగూ ఒకేసారి.

రిమోటు ఆన్, పుల్ల పైకి, బ్యాటరీ. బోర్డు మీద ఎరుపు, నీలం, పసుపు ఒకదాని వెంట ఒకటి. అర్థమైంది, మళ్ళీ రా అని దాని భావం. బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టాలి, పుల్ల పైనే ఉంచి. సేఫ్టీ బటన్ నొక్కి పట్టుకోవాలి. బోర్డు పక్కకి తప్పుకుంటుంది. రిమోటు చెప్పింది చెప్పినట్టు నాలుగింటికీ దాటిస్తుంది.

నాలుగు మోటార్లూ కలిసి పాడాయి. మూడు శ్రుతిలో, ఒకటి విడిగా. మూడు సెల్లులు లెక్కపెడుతుంటే అది ఊరుకుంది.

పుల్ల దించా. పొడుగు బీప్. బీరువా తాళం జేబులో ఉందో లేదో తడుముకున్నా.

అక్టోబర్ 31

దీపావళి. సాయంత్రం నుంచి ఏ బీప్ వినపడలేదు. పని ఆపేశాం. మతాబా వెలుగులో మా ఆవిడ బల్ల మీద జాగా చేసి ప్రమిదలు పెట్టింది. లైపో బ్యాటరీ తీసి నీళ్ళబకెట్టు పక్కన పెట్టా. చూసినవాళ్ళు ఏదో వ్రతమనుకున్నారు.

నవంబర్ 3

మూడోది ఇంకా ఆలస్యమే. కొంచెం తగ్గింది, పోలేదు.

మోటారు తప్పా, ఈఎస్సీ తప్పా? మూడో చేతి మోటారు నాలుగుకి, నాలుగోది మూడుకి మార్చి చూడమన్నా. జబ్బు మోటారుతో వెళ్తే మోటారుది. చోటు కదలకపోతే ఈఎస్సీది. చోటు కదలలేదు.

ఈ పరీక్ష మా నాన్నది. ఆయనకి డ్రోను తెలీదు.

నవంబర్ 4

మోటారు ఆగి ఉన్నప్పుడు రోటరు ఎక్కడుందో ఈఎస్సీకి తెలీదు. మూడు ఫేజుల్లో రెండిటికి కరెంటిచ్చి, ఖాళీగా ఉన్న మూడోదాంట్లో పుట్టే వోల్టేజీని బట్టి కనిపెడుతుంది. కానీ తిరిగితేనే వోల్టేజీ పుట్టేది. తిప్పాలంటే తెలియాలి, తెలియాలంటే తిరగాలి. అందుకని మొదట గుడ్డిగా ఒక కుదుపు. ఆ కుదుపు ఎంత ఇవ్వాలన్నది రాసినవాడి ఇష్టం. సైమన్‌కే రాసినవాడి ఇష్టం ఒకటి, మిగతా మూడూ రాసినవాడిది ఒకటి.

నవంబర్ 7

అమ్మని గుంటూరు తీసుకెళ్ళా. చెవుల పరీక్ష. అద్దాల గది. చెవులకి డిప్పలు. శబ్దం వినపడగానే బటన్ నొక్కాలి. ఎంత సన్నగా ఉన్నా నొక్కాలమ్మా అని చెప్పింది ఆ అమ్మాయి.

అమ్మ ఆ అమ్మాయి తనవైపు చూసినప్పుడల్లా నొక్కింది.

ఆ అమ్మాయి అటు తిరిగి కూర్చుని మళ్ళీ మొదలెట్టింది.

గ్రాఫు ఇచ్చారు. సున్నా పైన ఉంది. వినికిడి తగ్గేకొద్దీ గీత కిందికి. నేను తలకిందులుగా పట్టుకున్నాననుకుని ఆ అమ్మాయి చేతిలోంచి తీసి తిప్పింది. ముందే సరిగ్గా ఉంది. మళ్ళీ తిప్పింది.

నవంబర్ 10

మూడో ఈఎస్సీ తీసేయాలి. నలుగురికీ బాధే. అదే అన్నిటికంటే మంచిదని వాళ్ళు చదివారు. మంచిదే. అయితే నాలుగూ అదే ఉండాలి. ఒకటే ఉంది.

మిగతా మూడింటి రకానిది ఒకటి ఆర్డరు పెట్టారు.

నవంబర్ 13

మందు కొట్టే డ్రోను నడిపే అమ్మాయి షాపుకి వచ్చింది. డ్వాక్రా గ్రూపు తరఫున డ్రోన్ దీదీ. ట్రైనింగు అయింది, కార్డుంది. జనరేటరులో కరెంటు రావడం లేదు. కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. మారుస్తుంటే డ్రోను గురించి అడిగా. ఆరు చేతులు, పది లీటర్ల ట్యాంకు. ఈఎస్సీలు ఎవరు సెట్ చేస్తారని అడిగా. అవేంటండీ అంది. ముట్టుకోవద్దన్నారట. ముట్టుకోలేదు. బాగానే తిరుగుతున్నాయి.

మాది ఫోటో చూపించా.

"ఎన్ని లీటర్లండీ?"

ఏమీ మొయ్యదమ్మా.

"మరెందుకండీ?"

బ్రష్ స్ప్రింగు జారిపోయింది, వెతకడంలో పడ్డా.

నవంబర్ 16

కొత్త ఈఎస్సీ. టంకం నేనే పెట్టా. మళ్ళీ పుల్ల పైకి, బ్యాటరీ, తీసి మళ్ళీ బ్యాటరీ. నాలుగూ ఒకే శ్రుతి. నాలుగూ మూడు లెక్కపెట్టాయి. రెండు బీప్‌లు. పుల్ల కిందికి. పొడుగు బీప్ ఒక్కటే వినపడింది. నాలుగు కలిసిపోయి.

కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. పక్కింటాయన: "ఇన్వర్టరు బాగైందాండీ?"

నవంబర్ 17

పుల్ల మెల్లగా లేపాం. నాలుగూ ఒకేసారి కదిలాయి. మళ్ళీ దించి మళ్ళీ లేపాం. మళ్ళీ ఒకేసారి. చూడ్డానికి ఏమీ లేదు. ఒకడు ఫోను తీసి ఆటలో పడ్డాడు.

నవంబర్ 19

మోటార్ టెస్ట్. తెర మీద ఏ, బీ, సీ, డీ అని నాలుగు బటన్లు. ముందు కుడి నుంచి మొదలెట్టి గడియారం తిరిగే దిక్కులో. కానీ మోటార్ల నెంబర్లు వేరే వరుసలో. ఏ అంటే ఒకటి. బీ అంటే నాలుగు. సీ అంటే రెండు. డీ అంటే మూడు. ఎవరు పెట్టారో గానీ, మా వార్డులో ఇళ్ళ నెంబర్లు వేసినతను కూడా ఆ టీమ్‌లో ఉండే ఉంటాడు.

ఆర్మ్ చెయ్యగానే నెమ్మదిగా తిరిగే వేగం 0.10. గాల్లో ఉండగా అంతకంటే దిగకూడని వేగం 0.15. ముందే వేసున్న అంకెలు. అవే ఉంచాం.

నవంబర్ 21

రెక్కలు బయటికి తీశా. తూచాలి. ఒకే ప్యాకెట్‌లోవైనా బరువులు కలవవు. బంగారం కొట్టుకి తీసుకెళ్ళా. తెలిసినాయనే. గాజుపెట్టె తెరిచి, ఫ్యాను ఆపించి, మర్యాదగా అడిగాడు: "ఎన్ని క్యారెట్లు?"

ప్లాస్టిక్కండీ.

ఆయన నవ్వలేదు. నాలుగూ తూచి చీటీ మీద రాసిచ్చాడు. మజూరీ తీసుకోలేదు. ఏ రెక్కకి ఏ వైపు బరువో ఇంట్లో సూది మీద నిలబెట్టి చూసి, తేలికవైపు సెలోటేపు ముక్క అంటించా.

నవంబర్ 24

మొత్తం బరువు కిరాణా కొట్లో. 1 కిలో 160 గ్రాములు, బ్యాటరీతో కలిపి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల దాకా నానో. అది దాటితే రెండు కిలోల దాకా మైక్రో. మాది మైక్రో. నడిపేది చదువుకోసమే కాబట్టి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగులు దాటకూడదు. మా వాళ్ళు మోకాలెత్తు దాటితే చాలంటున్నారు.

వెనకనున్న ముసలమ్మ: "కిలో ఎంతయ్యా?"

నవంబర్ 28

బావమరిది కళ్ళం. కోత అయిపోయింది. పొద్దున్నే, గాలి లేకుండా. కుర్రాళ్ళు దూరంగా, ట్రాక్టరు వెనక. మేనల్లుడి చేతిలో రిమోటు.

ఆర్మ్. నాలుగూ నెమ్మదిగా. పుల్ల సగానికి వచ్చేసరికి కాళ్ళు నేల వదిలాయి. మోకాలు. నడుము. అక్కడ నిలబడింది. కొంచెం అటు, కొంచెం ఇటు. కింద ఊకా పొట్టూ నలువైపులా ఎగిరిపోయాయి. గింజలు అక్కడే ఉన్నాయి.

బావమరిది మునివేళ్ళ మీద కూర్చుని గింజలు చేత్తో తీసి చూశాడు. "తూర్పారబట్టడానికి అద్దెకిస్తారా బావా?"

నవంబర్ 29

నిన్నటి లెక్కలు ల్యాప్‌టాప్‌లో. నాలుగు మోటార్లకీ వెళ్ళిన పల్స్‌లు నాలుగు గీతలు. దగ్గరదగ్గరగా ఉన్నాయి. ముందువి రెండూ కాస్త పైన. బ్యాటరీ ముందుకి జరిగినందుకు. వెల్క్రో బిగించాం.

మేనల్లుడు ఆ గ్రాఫు రికార్డులో అంటించాడు. పేజీ నిండుగా కనపడాలని రంగులు మార్చాడు.

డిసెంబర్ 4

అమ్మకి చెవి మిషను వచ్చింది. ఆన్ చెయ్యగానే చిన్న పాట పాడింది. "ఇదీ నీదేనా?" అంది.

సాయంత్రానికి కుక్కరు విజిల్ మరీ ఎక్కువైందని కంప్లయింటు. మా ఆవిడ మళ్ళీ గుంటూరు వెళ్ళి పై హద్దు తగ్గించుకు రమ్మంటోంది.

డిసెంబర్ 6

సార్వా మోటార్ల సీజను అయిపోవచ్చింది. బల్ల మీద మళ్ళీ కంచాలు. డ్రోను కాలేజీకి వెళ్ళిపోయింది, అట్టపెట్టెలో, బస్సు డిక్కీలో. సైమన్‌కే ఒక్కటీ నా డ్రాయర్‌లో ఉంది. అడగలేదు, ఇవ్వలేదు.

డిసెంబర్ 11

ఎక్స్‌టర్నల్ అయిపోయింది. మేనల్లుడు ఫోను చేశాడు. ఎగరలేదట, అసలు ఎగరేయమని అడగలేదట. బ్యాటరీ మాత్రం కలపమన్నారు. పాడింది. ఆ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందని అడిగారు ఎగ్జామినర్. మోటార్లోంచి సార్ అని చెప్పాడట. ఆయన వంగి చెవి పెట్టి విన్నారట. తర్వాత, ఈ ప్రాజెక్టులో ఏం నేర్చుకున్నారని అడిగారు.

టీమ్‌వర్క్ అన్నారట.

నలుగురికీ ఒకే మార్కులు. ఒకడు ఆ రోజు వైజాగ్‌లో పెళ్ళిలో ఉన్నాడు.